లాగడం వేరు, మోయడం వేరు

అమెరికాలో పిల్లలున్న మన సభ్యుల ఇళ్ళలో కొన్నేళ్ళుగా ఒక మాట తరచుగా వినబడుతోంది. "మావాళ్ళు ట్రైలర్ కొన్నారండీ, సెలవులొస్తే అందులోనే తిరుగుతారట" అని. ట్రైలర్ అనగానే మనకు ట్రాక్టరు వెనక ఇసుక మోసే తొట్టి గుర్తొస్తుంది. వాళ్ళు చెప్పేది అది కాదు. చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు. పదహారు, పద్ధెనిమిది అడుగుల పొడవుంటుంది. పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. ఇంజను మాత్రం ఉండదు. ఇంటి కారే దాన్ని లాగాలి. ఆ కారును ఎలా ఎంచుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి. పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దలకు దీంతో ఏం పని అనుకోకండి. మన పనే ఎక్కువ ఉంది. ఎందుకో చెబుతాను.

నేను రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక బ్రహ్మపురంలో స్థిరపడ్డాను. మా అమ్మాయి కుటుంబం కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరానికి దగ్గర ఉంటారు. 2024 మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి అల్లుడుగారు ట్రైలర్ కొనేశారు. పదిహేడడుగులది. అయిదుగురు పడుకోవచ్చు, ఆరోవాడైన మా మనవడికి బయట గుడారం. అది కొనడానికి అసలు కారణం మా ఆవిడే. అంతకు ముందు వెళ్ళినప్పుడు నాలుగు రోజుల ప్రయాణంలో ఆవిడ పెరుగన్నం, అరటిపళ్ళతోనే గడిపింది. మోకాళ్ళ నొప్పులతో దారిలో ప్రతి మరుగుదొడ్డికీ దిగి నడవడం ఇంకో యాతన. మన వంట, మన స్నానాల గది మన వెంటే వస్తే అన్ని బాధలూ తీరతాయని అమ్మాయి ఆలోచన.

ఇక కారు కొనాలి. అల్లుడుగారు కంప్యూటర్ల మనిషి, లెక్కలు బాగా వేస్తారు. మూడు వరసల సీట్లున్న కొత్త క్రాసోవర్ ఒకటి చూసి ఉంచారు.

"అయిదు వేల పౌండ్లు లాగుతుందండీ మామయ్యగారూ. మన ట్రైలర్ నిండా సామాను వేసినా మూడు వేల ఏడొందల యాభై దాటదు. ఇంకా పన్నెండొందల పైన మిగులుతుంది" అన్నారు.

"లాగడం సరే బాబూ. ఎంత మోస్తుందో ఎక్కడైనా రాశారా?" అన్నాను.

"మనకు కావలసింది లాగడమే కదండీ!"

ఇక్కడే చాలామంది పొరపడతారు. అమ్మేవాడు పొరపడేలా చెబుతాడు కూడా. మన వ్యాగన్ల పక్కన తెల్ల రంగుతో రెండు అంకెలు రాసి ఉంటాయి. ఖాళీ బండి బరువు ఒకటి, దాన్ని టేర్ అంటాం. అది మోయగల సరుకు బరువు రెండోది. ఇంజను ఎన్ని వ్యాగన్లనైనా లాగనీయండి, ఆ రెండో అంకె దాటితే విరిగేది వ్యాగన్ స్ప్రింగే. కారుకూ అంతే. లాగే శక్తి ఇంజనుది, గేర్లది, బ్రేకులది. మోసే శక్తి స్ప్రింగులది, ఇరుసులది, టైర్లది. రెండింటికీ వేరు వేరు హద్దులున్నాయి.

ట్రైలర్ బరువు దాని చక్రాల మీదే ఉంటుంది కదా, కారు మోసేదేముంది అంటారేమో. ఎడ్లబండి తోలిన వాళ్ళెవరూ ఆ మాట అడగరు. ధాన్యం బస్తాలు బండి వెనక భాగంలో ఎక్కువగా పేర్చితే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల గొంతుకు పట్టేస్తుంది. ముందు భాగంలో ఎక్కువైతే మెడలు కమిలిపోతాయి. అందుకే మన రైతు ఇరుసుకు కాస్త ముందుకు బరువు ఉండేలా బస్తాలు సర్దుతాడు. ఈ ట్రైలర్‌కూ ముందు ఒక నొగ ఉంటుంది. అది కారు వెనక బిగించిన ఉక్కు బంతి మీద కూర్చుంటుంది. మొత్తం ట్రైలర్ బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ఆ బంతి మీద పడాలి. అంతకంటే తక్కువైతే వేగం మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి ఆ ఊపు పెరిగి పెరిగి కారునే తిప్పేస్తుంది. కనుక ఆ నొగ బరువు తప్పించుకోలేం, దాన్ని కారు మోయాల్సిందే. (ఇంగ్లండులో పిల్లలున్న వాళ్ళకు ఒక మాట: అక్కడి కార్లకూ, కారవాన్లకూ అనుమతించే నొగ బరువు తక్కువ, వేగమూ తక్కువే. కారవాన్ లాగుతూ మోటార్‌వే మీద గంటకు 60 మైళ్ళు మించకూడదు. అమెరికా లెక్క అక్కడికి పట్టుకుపోకండి.)

మరి కారు ఎంత మోస్తుందన్నది ఎక్కడ ఉంటుంది? రంగురంగుల పుస్తకంలో వెతికి లాభం లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంత మించకూడదు అని అందులో కిలోల్లోనూ పౌండ్లలోనూ రాస్తారు. అది ఆ ఒక్క బండికి చెందిన అంకె. అదే మోడల్, అదే రంగు బండి పక్కనే ఉన్నా దాని అంకె వేరుగా ఉండవచ్చు. పైకప్పుకు అద్దం పెట్టించినా, పెద్ద చక్రాలు వేయించినా, ఆ హంగుల బరువంతా మోసే బరువులోంచే పోతుంది.

అల్లుడుగారు చూసి ఉంచిన బండి చీటీ మీద 600 కిలోలని ఉంది. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర స్నానాల గదిలోని బరువు యంత్రం తెచ్చి పెట్టాం. అల్లుడుగారు 82, అమ్మాయి 64, మనవడు 45, మనవరాలు 30, నేను 68, మా ఆవిడ 66. మొత్తం 355. తగిలించే ఉక్కు సామాను 35. కారులోనే ఉండే సంచులు, ఐసు పెట్టె, మడత కుర్చీలు కలిపి 60. అప్పటికి 450 అయింది. ట్రైలర్ సుమారు 1,700 కిలోలు, అందులో ఎనిమిదో వంతు నొగ బరువు అనుకుంటే 212. వెరసి 662. చీటీ మీది అంకెకు 62 కిలోలు ఎక్కువ. లాగే లెక్కలో పన్నెండొందల పౌండ్లు మిగిలిన బండి, మోసే లెక్కలో మునిగిపోయిందన్నమాట.

మా మనవరాలు కాగితం వంక చూసి, "అయితే అమ్మమ్మ ఇంట్లో ఉండిపోతే సరిగ్గా సరిపోతుంది" అంది. పదేళ్ళ పిల్ల, లెక్క తప్పు లేదు. అందరం నవ్వాం. "మీ తాతయ్యనే దింపేయండి, ఇంకో రెండు కిలోలు కలిసొస్తాయి" అని మా ఆవిడ జవాబు. కాని పడుకోబోయే ముందు ఆవిడే మెల్లగా, "మనం రాకపోతే వాళ్ళకు ఆ బండే చాలును కదండీ" అంది. నిజమే. మా ఇద్దరినీ తీసేస్తే మొత్తం 528 అవుతుంది, ఇంకా 72 కిలోల వెసులుబాటు ఉంటుంది. రెండేళ్ళకోసారి అయిదు నెలలు ఉండి వచ్చే ముసలివాళ్ళ కోసం పిల్లలు పెద్ద బండి కొనుక్కుని ఏడాది పొడుగునా దాని పెట్రోలు భరించాలా అన్నది మామూలు ప్రశ్న కాదు. నేను మర్నాడు ఒక ఉపాయం చెప్పాను. ఇంట్లో ఉన్న పాత కారులో అమ్మాయి మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని వెనకే వస్తే, ట్రైలర్ లాగడానికి క్రాసోవర్ చాలు. ఖర్చు తక్కువ. అమ్మాయి ఒప్పుకోలేదు. "ఎనిమిది గంటలు నేనొక్కదాన్నే తోలాలి నాన్నా. పైగా అందరం కలిసి వెళ్ళడానికే కదా ఇదంతా" అంది. మొదటి కారణమే నాకు నచ్చింది. అలసిన డ్రైవరు కంటే ప్రమాదమైనది రోడ్డు మీద లేదు.

ఇంకొక సంగతి అల్లుడుగారికే తెలిసి, ఆయనే తవ్వి తీశారు. ఈ అయిదు వేల పౌండ్ల లాంటి అంకెలను తేల్చడానికి అమెరికాలో మోటారు ఇంజనీర్ల సంఘం పెట్టిన ఒక పరీక్ష ఉంది. దాని పేరు జే2807. 2011 మోడళ్ళతో టొయోటా కంపెనీ దాన్ని ముందుగా పాటించింది, తక్కినవాళ్ళు తరవాత చేరారు. అంతకు ముందు ఎవరి అంకె వాళ్ళ ఇష్టం. పరీక్ష గట్టిదే. ఆరిజోనా ఎడారిలో డేవిస్ డ్యామ్ దగ్గరి కొండ దారి మీద, మండుటెండలో, ఏసీ పూర్తిగా పెట్టి, నిండు ట్రైలర్‌ను నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కించాలి. అయితే మామూలు బండ్ల పరీక్షలో కారులో మనుషులు ఇద్దరే. ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లుగా లెక్క, అంటే 68 కిలోలు, సరిగ్గా నా అంత. మూడు వరసల బండి అని అమ్ముతారు, మూడో వరసలో ఎవరూ లేనప్పటి అంకెను చెబుతారు! తాతా అమ్మమ్మా పిల్లలూ కలిసి ప్రయాణించే మనలాంటి ఇళ్ళకు అది పనికొచ్చే అంకె కాదు.

తరవాతి రెండు శనివారాలూ బండ్లు చూడటంతోనే సరిపోయాయి. నేను చిన్న నోటుపుస్తకం పట్టుకుని వరసగా ప్రతి బండి తలుపూ తెరిచి చీటీ చూసి రాసుకుంటుంటే, యార్డులో వ్యాగన్ నంబర్లు రాసుకునే రోజులు గుర్తొచ్చాయి. అమ్మే కుర్రవాడు వెంటబడి, "సార్, ఇది మీ ఇంటినైనా లాగుతుంది" అన్నాడు. ఇల్లు లాగుతుంది సరే, ఇంట్లోవాళ్ళను మోస్తుందా అని అల్లుడుగారి చేత ఇంగ్లీషులో అడిగించాను. అతనికి చీటీ సంగతే తెలియదు.

మన వాళ్ళకు బాగా అలవాటైన మినీ వ్యాన్లు, టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ, 3,500 పౌండ్ల దాకా లాగుతాయి. భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ అయితే ఒకటిన్నర టన్నుల లోపు ట్రైలర్లు చూసుకోవచ్చు. మిన్నెసోటాలో తయారయ్యే స్కాంప్, టెక్సస్‌లో తయారయ్యే కసిటా వంటి ఫైబర్ గ్లాసు గుడ్లు అలాంటివే. ఇప్పుడు ఉన్న కారును ఉంచుకుని దానికి తగ్గ చిన్న ట్రైలర్ కొనడమే అన్నిటికంటే తెలివైన పద్ధతి అని నా అభిప్రాయం. మా ఇంట్లో ట్రైలర్ ముందే వచ్చింది కనుక ఆ దారి మూసుకుపోయింది. క్రాసోవర్లలో టొయోటా హైలాండర్ పెట్రోలు బండీ, నాలుగు చక్రాలూ తిప్పే హోండా పైలట్టూ అయిదు వేల పౌండ్ల తరగతివి. ఇవన్నీ నలుగురికి చక్కగా సరిపోతాయి. ఆరుగురు ఎక్కితేనే చిక్కు. విద్యుత్ కార్లకు శక్తికి లోటు లేదు గాని, ట్రైలర్ తగిలిస్తే ఒక్కసారి ఛార్జి చేస్తే నడిచే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. కొండల్లో ఛార్జింగు కోసం ట్రైలర్ విప్పి, మళ్ళీ తగిలించడం మా ఆవిడ ఓపికకు మించిన పని.

మిగిలినవి లారీలాగా విడిగా ఉక్కు చట్రం ఉన్న పెద్ద బండ్లు. షెవ్రొలె టాహో, ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ వంటివి. తగిన హంగులుంటే ఎనిమిది వేల పౌండ్లు పైనే లాగుతాయి. కొత్తవాటి ధర వింటే గుండె ఆగుతుంది. నాలుగేళ్ళు వాడిన ఎక్స్‌పెడిషన్ ఒకటి కొత్త క్రాసోవర్ ధరకు కాస్త తక్కువలోనే దొరికింది. చీటీ మీద 725 కిలోలు. మా 662కు పైన 63 మిగులు. వీలు పొడవు, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, ఎక్కువ. పొట్టి బండిని ట్రైలర్ ఊపినంత తేలిగ్గా పొడుగు బండిని ఊపలేదు. ట్రైలర్ లాగడానికి కంపెనీవాళ్ళే అమర్చి ఇచ్చే సరంజామా కూడా దానికి ఉంది. ఇది లేని బండికీ ఉన్న బండికీ లాగే అంకెలో చాలా తేడా. గేర్ల నూనె, ఇంజను చల్లబరచడానికి పెద్ద రేడియేటరూ, ఏడు పిన్నుల విద్యుత్ సాకెట్టూ అందులో ముఖ్యం. గేరు పెట్టెలు పాడయ్యేది ఎక్కువగా వేడితోనే.

మరో కారణం డెన్వర్ ఉన్న ఎత్తు. ఆ ఊరే 5,280 అడుగుల మీద ఉంది. పడమటికి వెళ్ళే హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులు దాటుతుంది. గాలి పలచబడేకొద్దీ మామూలు ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ నూటికి మూడు వంతుల దాకా శక్తి కోల్పోతుంది. సొరంగం దగ్గరికి చేరేసరికి మూడో వంతు పోయినట్టే. గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్న ఇంజనుకు ఆ బాధ బాగా తక్కువ. మా బండికి టర్బో ఉంది. చెన్నైలోనో బెంగుళూరులోనో ఉన్నవాళ్ళు ఫ్లోరిడాలోని పిల్లలకు ఇదంతా చెప్పక్కర్లేదు, అక్కడ కొండే లేదు.

బ్రేకుల సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినట్టు. 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు దాని బ్రేకులు దానికే ఉండాలని అక్కడ చాలా రాష్ట్రాల చట్టం. కారులో డ్రైవరు చేతికందేలా ఒక కంట్రోలర్ ఉంటుంది. కారు బ్రేకు నొక్కితే దాని ద్వారా ట్రైలర్ చక్రాలకూ విద్యుత్ బ్రేకు పడుతుంది. ట్రైలర్ ఊగడం మొదలుపెడితే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు నిలకడగా పట్టుకుని, కంట్రోలర్ మీది మీటతో ట్రైలర్ బ్రేకు మాత్రమే వేయాలి. అప్పుడు వెనకది ముందుదాన్ని పట్టి ఆపుతుంది, రెండూ తిన్నగా నిలుస్తాయి. ఇంకొకటి నాకెంతో ముచ్చటేసింది. మన రైలు నడి దారిలో రెండుగా తెగితే గాలి గొట్టం విడిపోయి రెండు ముక్కలకూ వాటంతటవే బ్రేకులు పడతాయి. ఈ ట్రైలర్‌కూ ఒక సన్నని తీగ కారుకు కట్టి ఉంటుంది. కొక్కెం విడిపోతే ఆ తీగ ఒక పిన్నును లాగేస్తుంది, ట్రైలర్ మీది బ్యాటరీయే దాని చక్రాలను ఆపుతుంది. దానికి తోడు రెండు గొలుసులు. వాటిని నొగ కింద కత్తెరలా అడ్డంగా వేయాలి. నొగ జారినా నేలకు తగలకుండా ఆ గొలుసుల మీద ఉయ్యాలలో పడ్డట్టు పడుతుంది.

ప్రయాణానికి ముందు ఇంటి సామానంతా సర్ది లారీల పెట్రోలు బంకులో కాటా ఎక్కించాం. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా తూచి చీటీ ఇచ్చే కాటాలు హైవేల వెంట ఉంటాయి, ఖర్చు కొద్ది డాలర్లే. ట్రైలర్‌ను ఒకసారి తగిలించీ, ఒకసారి విప్పీ తూస్తే నొగ బరువు తెలిసిపోతుంది. మొత్తం ట్రైలర్ 1,760 ఉంది. నొగ బరువు 190 మాత్రమే. నూటికి పదకొండు కూడా లేదు. వెనక అలమారు తెరిస్తే కారణం దొరికింది: బియ్యం బస్తా, గ్రైండరు, ఇనప పెనం, రెండు కుక్కర్లు, ఊరగాయ సీసాలు. మన వంటింటి బరువు అమెరికా వాళ్ళ లెక్కల్లో ఉండదు సుమండీ! బస్తానూ గ్రైండరునూ ముందు మంచం కింద పెట్టి మళ్ళీ తూస్తే 225 వచ్చింది. నీళ్ళ ట్యాంకు కూడా గమనించాలి. ముప్ఫై గ్యాలన్లంటే 113 కిలోలు. ట్యాంకు ఇరుసుకు వెనకుంటే నింపినప్పుడల్లా నొగ తేలికవుతుంది. మేము ఖాళీగా వెళ్ళి, దిగిన చోట నింపుకున్నాం.

మొదటి పెద్ద ప్రయాణం గ్రేట్ శాండ్ డ్యూన్స్‌కు. కొండల నడుమ ఏడు వందల అడుగుల ఇసుక దిబ్బలు, 2004లో జాతీయ ఉద్యానవనమైంది. దారిలో లా వీటా కనుమ 9,400 అడుగులు. ఎక్కేటప్పుడు లారీల వరసలో గంటకు యాభై మైళ్ళతో నెమ్మదిగా వెళ్ళాం. దిగేటప్పుడు అల్లుడుగారు చిన్న గేరులో పెట్టి ఇంజనుతోనే వేగం ఆపుతూ, బ్రేకు అప్పుడప్పుడే తొక్కారు. ట్రైలర్ ఒక్కసారి కూడా ఊగలేదు. పెట్రోలు మాత్రం మామూలుగా గ్యాలనుకు ఇరవై మైళ్ళిచ్చే బండి పదే ఇచ్చింది. లాగేటప్పుడు సగం అవుతుందని ముందే అనుకున్నాం కనుక అల్లుడుగారు నిట్టూర్చి ఊరుకున్నారు. మధ్యలో ఒక చోట ఆగితే మా ఆవిడ ట్రైలర్ మెట్లెక్కి లోపలికి వెళ్ళి, పావుగంటలో వేడి పులిహోర గిన్నెతో తలుపు దగ్గరికి వచ్చింది. 66 కిలోలూ ప్రయాణంలో ఉన్నాయి.